గీతపడ్డ పాట పాడిన మా చెన్నయ్య

మా మరిది చెన్నయ్య ఇక లేడు. పోయిన నెల, శివరాత్రికి ముందు, కొండకింద చేలల్లో జీవాలను మేపుతూ అక్కడే కన్నుమూశాడు. ఆరోజు పొద్దు వాలింది, మంద రాలేదు. చెన్నయ్య పొద్దుగుంకాక ఇంటికి వచ్చే మనిషి కాడు. నేను అరుగుమీద కూర్చుని చాటలో కందిపప్పు ఏరుతున్నాను గానీ చూపంతా దారిమీదే ఉంది. చివరికి వాడి కొడుకు రమణ ఆటో తీసుకుని వెతకబోయాడు. రమణ ఎప్పుడు వచ్చినా మలుపు దగ్గర హారను కొడతాడు. ఆ సాయంత్రం కొట్టకుండా వచ్చాడు. ఆటో ఇంకా మలుపు తిరగకముందే నాకు సంగతి తెలిసిపోయింది. చాట కింద పెట్టాను.

వేపచెట్టు మొదట్లో, కర్ర పక్కన ఆనించి, తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకుని, కాసేపు అలుపు తీర్చుకునేవాడిలాగే ఉన్నాడట. జీవాలు మేత మాని చుట్టూ పడుకుని ఉన్నాయట. పెద్దలు దీన్ని అనాయాస మరణం అంటారు, పుణ్యాత్ములకు గానీ దొరకదంటారు. వాడికి దొరికింది, దొరకవలసిందే. కానీ ఇంటికి పెద్దదాన్ని నేను ఉండగా వాడు ముందుపోవడం ఏం న్యాయమో నాకు ఇప్పటికీ బోధపడలేదు. నేను కోడలిగా ఈ గడప తొక్కిన నాటికి వాడు నిక్కరు జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని తిరిగే పిల్లవాడు. అత్త పొలానికి పోతే సంగటిముద్ద పెట్టి, మూతి కడిగి, బడికి తోలింది నేను. వాడు బడికి పోయింది తక్కువ, నాకంటే కూడా తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు రాసే పని నామీద పడింది.

రాచర్ల చుట్టుపక్కల పల్లెల్లో చెన్నయ్యను ఎరగనివాళ్లు అరుదు. సన్నగా, పొడుగ్గా, ఎండకు నల్లబడిన మనిషి. ఎదురుపడిన ప్రతివాడినీ ఏదో ఒక వరస కలిపి పలకరించేవాడు. ముసలి గొర్రె ఈనలేక అవస్థపడుతుంటే ఎంత దూరమైనా వాడినే పిలిచేవాళ్లు. వాడు కోపపడటం నేను చూడలేదు. నాకు మాత్రం ఆ కొరత లేదు. బియ్యం కడిగిన నీళ్లు పారబోస్తే ఊరుకోను, దీపం ఊరికే వెలుగుతుంటే ఊరుకోను. "మా వదిన నవ్వేదానికి గూడ లెక్క చూసుకుంటాది" అని వాడు నలుగురిలో అంటుండేవాడు. నిజమే గనుక నేను కాదనలేదు.

అయితే జనం వాడిని తలచుకునేది వీటన్నిటినీ బట్టి కాదు, ఒక పాటను బట్టి. వాడు పోయాక పలకరించడానికి వచ్చినవాళ్లంతా ముందు కళ్లు తుడుచుకున్నారు, తరవాత ఆ పాట సంగతే ఎత్తారు. అంత మామూలు పాట ఇన్నేళ్లు ఎందుకు నిలిచిందా అని నేను ఈ నెల రోజులుగా ఆలోచిస్తున్నాను. తేలిక ప్రశ్న అనుకున్నాను, కాదు.

అది పాత సినిమా పాట. దాంట్లో గొప్ప అర్థమేమీ లేదు. ఒకతను బండి కట్టుకుని సంతకు పోతూ ఇంటామెను "ఏం తేను నీకు, ఏం తేను" అని అడుగుతాడు. ఆమె ఒక్కొక్కటే చెబుతుంది. చివరికి వచ్చేసరికి సంత మొత్తం బండికి ఎత్తవలసి వస్తుంది. అంతే. ఏడుపు లేదు, వేదాంతం లేదు. ఆ కాలంలోనే ఎంతో మంచి భక్తిపాటలు వచ్చాయి, గుండెలు కరిగే విషాదగీతాలు వచ్చాయి. అవన్నీ ఎటు పోయాయో తెలియదు. ఈ సంత పాట మాత్రం మా పల్లెల్లో పోలేదు.

మేము దాన్ని మొదట విన్నది డేరా సినిమా దగ్గర. పంటలు ఇంటికి చేరాక రాచర్లలో డేరా వేసేవాళ్లు. సాయంత్రమయ్యేసరికి గుంజకు కట్టిన మైకులోంచి రికార్డులు మొదలయ్యేవి. గాలి ఇటు తిరిగితే మా ఊరిదాకా వినబడేవి. ఈ పాటను అన్నిటికంటే చివర వేసేవాళ్లు. అది వినబడిందంటే ఆట మొదలవబోతున్నట్టు. పొయ్యిమీద ఎసరు దించి, దూడను కట్టేసి, జనం ఆ పాట వెంట పరుగెత్తేవాళ్లు. మా అత్త టికెట్టుకు డబ్బులు ఇచ్చే మనిషి కాదు, నేను అడిగే మనిషినీ కాను. నేనూ చెన్నయ్యా డేరా బయట కూర్చుని విన్నంత విని తిరిగి వచ్చేవాళ్లం. తోవలో చీకటికి భయపడకుండా వాడు అదే పాట పాడుకుంటూ నా కొంగు పట్టుకుని నడిచేవాడు.

ఆ రికార్డుమీద ఒక గీత పడింది. ఎప్పుడు పడిందో, ఎవరి చేతిలో పడిందో ఎవరికీ తెలియదు. "ఏం తేను" అనే చోటికి వచ్చేసరికి ముల్లు ఆ గీతలో చిక్కి వెనక్కి జారేది. ఏం తేను, ఏం తేను, ఏం తేను అని అదే మాట తిరిగి తిరిగి పలికేది. అప్పుడు రికార్డులు వేసే మస్తాన్ సాయిబు వేలితో పెట్టెమీద టక్కున ఒక దెబ్బ కొట్టేవాడు. ఆ టక్కు కూడా మైకులో వినబడేది. దాంతో ముల్లు ఎగిరి ముందుకు పడేది. ఎక్కడ పడేదంటే, ఆమె ఇచ్చే మొదటి జవాబు దాటిపోయి రెండో జవాబు దగ్గర. మొట్టమొదట ఆమె ఏం తెమ్మందో మా పల్లెలకు తెలియకుండా పోయింది.

మేమంతా పాటను అట్లాగే నేర్చుకున్నాం. ఏం తేను అని మూడుసార్లు అనాలి, నాలుకతో టక్కుమనాలి, కాస్త ఆగాలి, తరవాత మిగతా పాట. వేరుశనగ వలిచేచోట, కందికట్టె కొట్టేచోట, ఎక్కడ పాడినా అంతే. దానికి ఇంకో సరైన రూపం ఉందన్న అనుమానమే ఎవరికీ రాలేదు. ఆ ఆగేచోట ఎదుటివాళ్లు తమకు కావలసింది చెప్పడం ఎవరు మొదలుపెట్టారో చెప్పలేను గానీ, పెట్టాక అది మా ఊళ్లకు ఆచారమైపోయింది. పాడేవాడు అడగాలి, టక్కుమనాలి. వినేవాళ్లు చెప్పాలి. చెప్పినదాకా పాట ముందుకు పోదు.

ఒక ఏడు డేరావాళ్లు కొత్త రికార్డు తెప్పించారు. ఆ సాయంత్రం నాకు బాగా గుర్తుంది. పాట ఎక్కడా తట్టుకోకుండా నున్నగా సాగిపోయింది. మా జనమేమో అలవాటు కొద్దీ టక్కుమన్నారు, తలా ఒకటి అరిచారు. మైకులో పాట ఒక దారి, జనం ఒక దారి అయ్యారు. ఆ గోలలో ఆమె మొదటి జవాబు ఆరోజు కూడా ఎవరి చెవినా పడలేదు. చెన్నయ్యకు అప్పటికి ఇంకా మీసం రాలేదు. నేరుగా మస్తాన్ సాయిబు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"సాయిబూ, పాట పాడైపోయింది. బాగుచెయ్యి."

"అరె, పాడైంది పాతది గదా అబ్బయ్యా. ఇది ఎంత బాగుంది విను."

"బాగున్నది మాకు రాదు."

సాయిబు నవ్వి తల తిప్పుకున్నాడు గానీ, మర్నాడు మైకులో మళ్లీ ఆ పాత టక్కు వినబడింది. డేరా బయట కూర్చున్న ఆడవాళ్లంతా పోయిన బంధువు తిరిగి వచ్చినట్టు సంబరపడ్డారు. తరవాత కొన్నేళ్లకు డేరాలు పోయాయి, సాయిబు ఏ ఊరు చేరాడో తెలియదు. ఆయన వేలిదెబ్బ మాత్రం మా నాలుకలమీద ఉండిపోయింది.

చెన్నయ్యకు మంచి గొంతు లేదు. పాడితే చెవులు మూసుకునేంత చెడ్డదీ కాదు. వాడి దగ్గర ఉన్నదల్లా, ఆ ఆగేచోట నిజంగా ఆగడం. అందరూ మొక్కుబడిగా ఆగేవాళ్లు. వాడు ఎదుటి మనిషి మొహంలోకి చూస్తూ, వాళ్లు చెప్పినదాకా, ఎంతసేపయినా సరే, ఆగేవాడు.

ఒక పెళ్లిలో పెళ్లికూతుర్ని ఆటపట్టించడానికి ఆ పాట ఎత్తుకున్నారు. చెన్నయ్య ముందుకొచ్చి ఏం తేను అని టక్కుమన్నాడు. సిగ్గుతో తలెత్తని ఆ పిల్ల ఏ నగో చీరో చెబుతుందని చుట్టూ ఉన్నవాళ్లు చెవులు రిక్కించారు. చాలాసేపటికి ఆ పిల్ల "రవ్వన్ని మజ్జిగ" అన్నది. అందరూ పగలబడి నవ్వారు. చెన్నయ్య నవ్వలేదు. పొద్దున్నుంచి ఆమె నోట్లో ఏమీ పడలేదని కనిపెట్టి, పాట అక్కడే వదిలేసి వంటల దగ్గరికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. ఆమె తాగినదాకా తరవాతి తంతు ఆగింది. అయ్యగారు ముహూర్తం ముహూర్తం అంటూనే ఉన్నాడు.

వానలు మొహం చాటేసిన ఇంకో ఏడు, మా ఊరి మగవాళ్లు టీకొట్టు ముందు ఒకరితో ఒకరు మాట్లాడకుండా కూర్చునేవాళ్లు. మాట్లాడితే అప్పుల మాట వస్తుందని భయం. చెన్నయ్య మందను తోలుకుంటూ అటు పోతూ ఆ పాటే పాడి వాళ్లముందు ఆగాడు. ఎవరూ పలకలేదు. వాడు కదల్లేదు. గొర్రెలు ఎదురుచూసి ఎదురుచూసి కొట్టు ముందున్న అరటితొక్కలు తినేశాయి. చివరికి ఒక పెద్దాయన విసుక్కుంటూ "వాన తేరా, నీ గొర్రెల మాదిరి వస్తాది నీ ఎనకమాల" అన్నాడట. దాంతో అందరూ నవ్వారు. నవ్వాక ఒకరి కష్టం ఒకరు చెప్పుకున్నారు. వాన రాలేదు గానీ ఆ ఏడు మా ఊళ్లో ఎవరూ పురుగుమందు జోలికి పోలేదు. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేను ఒట్టు పెట్టి చెప్పలేను. లేదని కూడా చెప్పను.

రోజూ పొద్దున వాడు మొదట అడిగేది నన్నే. మా ఇంటి పెరడూ గొర్రెలదొడ్డీ ఆనుకుని ఉంటాయి. వాడు దొడ్డి తడిక తీసి, నావైపు తిరిగి, ఏం తేను అని మూడుమార్లు పాడి టక్కుమనేవాడు. నేను పొయ్యి ఊదుకుంటూ తల ఎత్తకుండానే జవాబు చెప్పేదాన్ని.

"ఏమొద్దు. పొద్దుండంగనే ఇంటికి రా."

"ఒక్కనాడన్నా ఏమన్నా అడుగు వదినా. నోరు అరుగుతాదా ఏంది?"

అడిగితే తెస్తావు, తెస్తే ఖర్చు అనేదాన్ని. వాడు నవ్వుకుంటూ పోయేవాడు. మా ఆయన ఉన్నన్నాళ్లూ ఈ తంతు చూసి తలకొట్టుకునేవాడు. ఆయన పోయాక కూడా, చెన్నయ్య భార్య పోయాక కూడా, ఒక్క పొద్దు తప్పలేదు. ఏమొద్దన్నానని వాడు సాయంత్రం వట్టిచేతులతో వచ్చేవాడూ కాదు. రేగుపళ్లో, బలుసాకో, ఏదీ లేకపోతే ఒక మోపు ఎండుపుల్లలో తెచ్చి పొయ్యి దగ్గర పడేసేవాడు. ఏమొద్దంటే ఎందుకు తెచ్చావని నేను అరిచేదాన్ని. పుల్లలు ఊరికే వచ్చినవి గనుక వాడుకునేదాన్ని.

రమణకు వెలిగండ్ల పక్కనుంచి పద్మను తెచ్చాం. పనిమంతురాలు. వచ్చిన కొత్తలో గిన్నెలు తోముతూ అదే పాట ఎత్తుకుంది. వాళ్ల నాయనమ్మ పాడేదట. నేను ఉలిక్కిపడ్డాను. ఆ పిల్ల పాట ఎక్కడా తిరగడం లేదు, టక్కు లేదు. ఇంకో క్షణంలో ఆ మొదటి జవాబు దగ్గరికి వచ్చేదే, ఇంతలో చెన్నయ్య దొడ్డిలోంచి చెయ్యెత్తి అరిచాడు.

"అమ్మా పద్మా, ఆడికి ఆపు. అది మీ ఊరి పాట. ఆ మాట మాత్రం ఈ ఇంట్లో చెప్పొద్దు."

"ఏం మామా, తప్పు పాడినానా?"

"తప్పు మేమే పాడుతున్నామేమో తల్లీ. ఆమె ఏం అడిగిందో తెలిసిపోతే ఇంక మనం అడగడం మానేస్తాం."

పద్మ మర్యాద గల పిల్ల. పాట మా పద్ధతికి మార్చుకుంది. ఆ మాట ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నోరు జారలేదు. నాకు తెలుసుకోవాలని లోపల ఎంతో ఉండేది. కోడలి వరసైన పిల్లను పాట గురించి అడగడం నా పెద్దరికానికి తక్కువనిపించి అడగలేదు.

కొన్నేళ్ల కిందట మార్కాపురంలో నాకు కంటి ఆపరేషన్ అయింది. కట్టు విప్పినదాకా అక్కడే చుట్టాల ఇంట్లో ఉన్నాను. చెన్నయ్య బస్సెక్కి చూడటానికి వచ్చాడు. బత్తాయి ఒలిచి చేతిలో పెడుతూ, "నువ్వు లేకపోతే జీవాలు దొడ్డి దాటడం ల్యా వదినా. పొద్దెక్కినదాకా మొండికేస్తున్నాయి" అన్నాడు. పొగిడితే నెయ్యి ఎక్కువ పోస్తాననుకున్నావా, బత్తాయిలకు ఎంత పోశావో అది చెప్పు అన్నాను. వాడు నవ్వాడు. ఎప్పటిలాగా వేళాకోళం ఆడుతున్నాడనుకున్నాను.

ఇక చెన్నయ్య పోయాక జరిగింది చెప్పాలి. అది చెప్పకపోతే వాడి గురించి చెప్పినట్టు కాదు.

పెద్దకర్మ అయినదాకా మందను బయటికి తోలలేదు. చుట్టాలు కొమ్మలు కొట్టుకొచ్చి దొడ్డిలోనే వేశారు. కర్మ అయిన మర్నాడు పద్మ మామ కర్ర చేతిలోకి తీసుకుంది. ఆ మంద అంటే పద్మకు ప్రాణం. రోజూ వంట ముగించుకుని, సద్ది కట్టుకుని, మధ్యాహ్నానికి మామను కలుసుకునేది. ఈతలు, జబ్బులు, మేత అన్నీ వాడి దగ్గరే నేర్చుకుంది. రమణకు ఆటో ఉంది. పద్మకు తనది అని చెప్పుకోవడానికి ఆ మందే ఉంది. అది పోతే ఎవరి చేలోనో కూలికి వంగాలి. ఆ సంగతి ఆమె నోటితో చెప్పలేదు గానీ కర్ర పట్టుకున్న తీరులో తెలిసింది.

పొద్దున దొడ్డి విప్పడం మాత్రం ఎన్నడూ చెన్నయ్య పనే. పద్మ తడిక తీసింది. గంట కట్టిన పొట్టేలు గడపదాకా వచ్చి ఆగింది. దాని వెనక మందంతా ఆగింది. అదిలించింది, కదల్లేదు. రమణ పొట్టేలు కొమ్ములు పట్టి వీధిలోకి ఈడ్చాడు. వదిలీ వదలగానే అది తిరిగి దొడ్డిలోకి వచ్చి నిలబడింది. మర్నాడూ అంతే. ఇరుగుపొరుగు వచ్చి తలా ఒక ఉపాయం చెప్పారు. ఒకరు దిష్టి అన్నారు. ఒకరు చెన్నయ్య తలగుడ్డ పద్మను చుట్టుకోమన్నారు. చుట్టుకుంది. పొట్టేలు వాసన చూసి మొహం తిప్పుకుంది.

ఎవరికో పాట గుర్తొచ్చింది. పద్మ కంగారులో తన పుట్టింటి పద్ధతిలో ఎత్తుకుని, అంతలోనే నాలుక కరుచుకుని ఆపేసింది. ఒక్క జీవం చెవి కదపలేదు. రమణ సెల్లులో అసలు పాట వెతికి పెద్ద గొంతు పెట్టి పొట్టేలు ముందు పెట్టాడు. నేను పెరట్లో ఉన్నాను. చెవులు మూసుకోవాలంటే చేతులనిండా పేడ ఉంది. అట్లా, ఇన్నేళ్లకు, పాట మొత్తం విన్నాను. ఆ మొదటి జవాబు కూడా విన్నాను.

ఆమె అడిగింది దువ్వెన.

దువ్వెన ఏ ఇంట్లోనయినా ఉంటుంది గదా అనిపించింది. పాట బాగానే ఉంది. వాయిద్యాలు చక్కగా ఉన్నాయి, ఆమె గొంతు తీయగా ఉంది, అడగడమూ చెప్పడమూ అన్నీ వాళ్లిద్దరే చేసుకున్నారు. వింటున్నవాళ్లతో దానికి పని లేదు. గొర్రెలు నెమరు వేసుకుంటూ నిలబడ్డాయి. నాకూ అట్లాగే ఉంది.

అప్పుడు పద్మ మా పద్ధతిలో, మామ పాడినట్టే, నెమ్మదిగా పాడింది. మూడుమార్లు అడిగి టక్కుమన్నది. మందంతా ఒక్కసారిగా తలలెత్తింది. కానీ అడుగు పడలేదు. తలలెత్తి అట్లాగే నిలబడ్డాయి. కాసేపటికి దించుకున్నాయి.

రమణ చెడ్డవాడు కాడు. దాపున ఉన్న కొమ్మలు అయిపోయాయి, దొడ్డిలో పెట్టి మేపడం వాడి వల్ల కాదు. "అవి నాయన జీవాలు పెద్దమ్మా. నాయనతోనే పోయినాయి అనుకుందాం" అని నాతో అన్నాడు. గిద్దలూరునుంచి జీవాల బేరగాణ్ణి రమ్మన్నాడు. పద్మ ఆ పూట అన్నం తినలేదు.

బేరగాడు పొద్దున్నే వచ్చాడు. వ్యాను వీధిలో నిలిపి, దొడ్డి చుట్టూ తిరిగి, గొర్రెల వెన్ను తడిమి చూస్తున్నాడు. పద్మ ఒక్కసారి చూస్తాను ఆగండి అన్నది. రమణ వద్దనలేదు. ఆమె తడిక పక్కకు జరిపి పాట ఎత్తుకుంది. నేను ఎప్పటిలా పొయ్యి దగ్గర ఉన్నాను. చెన్నయ్య పోయినప్పటినుంచి పొద్దున పూట నేను నోరు తెరవలేదు. తెరిచి ఎవరికి ఏం చెప్పాలి? పద్మ ఏం తేను అని అడిగింది. మళ్లీ అడిగింది. మూడోసారి అడిగేసరికి ఏడుపు వచ్చేసింది, అయినా నాలుక టక్కుమనిపించింది. ఆగింది. ఆ ఆగడం చాలాసేపు ఉంది. తడి పుల్లలు అంటుకోక పొయ్యి పొగలు కక్కుతోంది. నేను తల ఎత్తలేదు. నా నోరు తనంతట తానే తెరుచుకుంది.

"ఏమొద్దు. పొద్దుండంగనే ఇంటికి రా."

గంట మోగింది.

నేను తల ఎత్తేసరికి పొట్టేలు గడప దాటింది. దాని వెనక ఒకటి, దాని వెనక ఇంకొకటి, తరవాత మందంతా మా పెరటి పక్కనుంచి, వ్యాను పక్కనుంచి, ఎప్పుడూ పోయే దారిలోనే సాగిపోయింది. బేరగాడు గోడకు ఒత్తుకుని నిలబడ్డాడు. పద్మ ఏడుస్తూనే కర్ర పట్టుకుని వాటి వెంట పరుగెత్తింది. మలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూసింది. దుమ్ము సర్దుకున్నాక బేరగాడు "ఇంక నాతో పనేముంది అవ్వా, రవ్వన్ని నీళ్లియ్యి, పోతా" అన్నాడు. నీళ్లు ఇచ్చాను.

అప్పుడు గుర్తొచ్చింది, మార్కాపురంలో బత్తాయి ఒలుస్తూ వాడు అన్న మాట. అది వేళాకోళం కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. జీవాలకు పాటంటే వాడు అడిగేది ఒక్కటే కాదు, నేను చెప్పేది కూడా. వాడు అడిగితే అవి లేచేవి, నేను చెబితే కదిలేవి. పుట్టినప్పటినుంచి అవి విన్న పాట అది. పాట అంటే పనికిరాని ఖర్చు అనుకున్న నన్ను, పాడనని భీష్మించుకున్న నన్ను, వాడు ఇన్నేళ్లూ రోజూ పొద్దున్నే ఆ పాటలోకి పిలిచి ఒక వంతు పాడించాడు. ఆ పాట ఎందుకు నిలిచిందని అడిగితే నాకు తోచిన జవాబు ఇంతే. గీత పడినచోట దాంట్లో ఇంకో మనిషికి చోటు దొరికింది. చెన్నయ్య ఆ చోటు ఎవరికి వాళ్లకు చూపించి, వచ్చి కూర్చునేదాకా ఆగాడు. అట్లా ఆగే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఇక చూడను కూడా.

ఇప్పుడు రోజూ పద్మ అడుగుతుంది, నేను చెబుతాను, మంద పోతుంది. మొదటిరోజు సాయంత్రం ఒక మోపు ఎండుపుల్లలు తెచ్చి పొయ్యి దగ్గర పడేసింది. ఏమొద్దంటినే అన్నాను. వట్టిచేతులతో రాబుద్ధి కాలేదు పెద్దత్తా అన్నది. ఆ పుల్లలు ఇంకా వాడలేదు, అట్లాగే ఉంచాను.

చెన్నయ్యా, నువ్వు నాకంటే చిన్నవాడివి. పెద్దవాళ్లు చిన్నవాళ్లకు మొక్కకూడదంటారు. అయినా రెండు చేతులూ ఎత్తి మొక్కుతున్నాను. ఆ చివరి పొద్దున కూడా నువ్వు దొడ్డి దగ్గర నిలబడి ఏం తేను అని అడిగావు. నేను కూడా ఎప్పటి మాటే చెప్పాను, ఏమొద్దు, పొద్దుండంగనే ఇంటికి రా అని. ఇన్నేళ్లలో ఇంటికి రమ్మన్న నా మాట నువ్వు కాదన్నది ఆ ఒక్కరోజే.